పంక్తివిన్యాసము

జనగామ జిల్లాలోని పాలకుర్తి మీదుగా పోవునపుడెల్ల, బసవపురాణమును ద్విపదలో రచించిన పాల్కురికి సోమనాథుడు నా మనస్సున మెదలును. పాదమునకు మూడింద్రగణములును ఒక సూర్యగణమును నియమముగా గైకొనియు ఆ మహాకవి తన భావస్వాతంత్ర్యమును కోల్పోలేదని తలంచిన నాడే, కోడ్ ఫార్మాటరుపై నాకుండిన విముఖత కరగిపోయినది. 2009లో గో భాషతోపాటే వచ్చిన దాని ఫార్మాటరు గాని, 2018లో పైథాన్‌కు వచ్చి పంక్తికి 88 అక్షరముల మేర నిర్ణయించిన బ్లాక్ గాని, కోడును వ్యాకరణవృక్షముగా గ్రహించి, అర్థమును చెడనీయక, పైరూపమును మాత్రము తీర్చును. ఫార్మాటరు లేనినాడు ట్యాబా, స్పేసా యను వాదముతో మా బృందమున ఎన్ని సాయంకాలములు వ్యర్థమయ్యెనో! పాత ప్రాజెక్టునకు ఫార్మాటరును వర్తింపజేయునాడు ఆ మార్పును ప్రత్యేకమైన కమిట్‌గా నుంచవలెను. లేనిచో ఏ పంక్తిని ఎవరు, ఎందులకు వ్రాసిరో వెదకుట దుష్కరమగును. అట్టి కమిట్‌ను ఆ వెదకులాటలో లెక్కింపకుండు సౌకర్యము గిట్‌నందు 2019లో కలిగినది.