కవరు వెనక లెక్క

మొన్న ఆదివారం మా అక్కయ్య మనవరాలు గుంటూరు నుంచి దిగింది. రాగానే కాళ్లకి దణ్ణం పెట్టిందంటే ఏదో పని పడిందన్నమాటే. ఫిజియోథెరపీ పూర్తయింది, ఇప్పుడు ఎంహెచ్‌ఏ చేస్తుందట. హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో పీజీ. హైదరాబాద్‌లో ఓ ప్రైవేటు కాలేజీలో సీటొచ్చింది. ఫీజూ హాస్టలూ కలిపి రెండేళ్లకి 10 లక్షలు. "చిన్నతాతయ్యా, బ్యాంకులో నీకు తెలిసినవాళ్లుంటారుగా, ఓ మాట చెప్పవా" అంది.

నేను బ్యాంకులో చేసి రిటైరైనవాణ్ణి. ఎడ్యుకేషన్ లోన్ల మీద ఎన్ని సంతకాలు పెట్టానో లెక్కలేదు. మార్కులు చూసేవాణ్ణి, తండ్రి ఆదాయం చూసేవాణ్ణి, తనఖా కాగితాలు వెలుతురుకి పెట్టి మరీ చూసేవాణ్ణి. చదువయ్యాక మొదటి నెల జీతం ఎంతొస్తుందని మాత్రం ఒక్కరినీ అడగలేదు. ఆ పాపం ఇప్పుడైనా కాస్త కడుక్కుందామని, పెళ్లి శుభలేఖ కవరు వెనక్కి తిప్పి పెన్ను తీశాను.

వడ్డీ 10 శాతం అనుకున్నాం. చదివే రెండేళ్లూ, ఆపైన ఇంకో ఏడాదీ వాయిదాలు కట్టక్కర్లేదు. కట్టక్కర్లేదంటే వడ్డీ పడుకుని నిద్రపోతుందని కాదండీ! మొదటి ఏడాది 5 లక్షలు, రెండో ఏడాది 5 లక్షలు తీసుకుంటే, మూడేళ్లు తిరిగేసరికి రెండున్నర లక్షల వడ్డీ అసలులో కలుస్తుంది. అప్పుడు పన్నెండున్నర లక్షలకి పదేళ్ల వాయిదా నెలకి సుమారు 16,500. మొత్తం కట్టేది 20 లక్షలకి ఓ పిసరు తక్కువ. పిల్ల కాసేపు మాట్లాడలేదు.

"జీతం?" అన్నాను. ఆ కాలేజీలోనే చదివిన సీనియర్‌కి ఫోన్ చేసింది. ఓ కార్పొరేట్ ఆసుపత్రిలో చేరి ఏడాదైందట, చేతికొచ్చేది 28 వేలు. అందులోంచి వాయిదా తీసేస్తే 11,500. హాస్టల్‌కి ఎనిమిదిన్నర. మిగిలిన 3 వేలల్లో బస్సూ, ఫోనూ, పండక్కి ఊరూ.

ఈలోగా ఇంకో ఫోన్‌లో స్పీకర్ మీద వింటున్న మా బావగారు అడ్డొచ్చారు: "ఎడ్యుకేషన్ లోన్ వడ్డీకి పన్ను మినహాయింపు ఉందిగా?" పాత పన్ను విధానంలో ఉంది, ఎనిమిదేళ్ల దాకా ఉంది. కానీ బావగారూ, 28 వేల జీతానికి పన్నే పడదు. మినహాయింపు దేంట్లోంచి ఇస్తారు?

అసలు ఆ ఉద్యోగం ఏమిటో కూడా పిల్లకి సరిగ్గా తెలీదు. ఏసీ గదీ, మెడలో ఐడీ కార్డూ ఊహించుకుంది. సీనియర్ చెప్పిందింకోటి. పొద్దున పది గంటలకి డాక్టరు "ఇంటికెళ్లొచ్చు" అంటాడు. అక్కణ్ణుంచి డిశ్చార్జ్ సమ్మరీ టైపవ్వాలి, వాడని మందులు ఫార్మసీకి వాపసెళ్లాలి, ఫైనల్ బిల్లు ఇన్సూరెన్స్ వాళ్లకో, వాళ్ల తరఫున క్లెయిములు చూసే టీపీఏకో పోవాలి. వాళ్లు ఓ ప్రశ్న వేసి వెనక్కి పంపుతారు. సాయంత్రం అయిదుకి పేషెంటు బావమరిది కౌంటరు మీద చెయ్యి చరుస్తాడు. అవతల నిలబడి వినేది మన ఎంహెచ్‌ఏ అమ్మాయే. పక్క సీట్లో మామూలు డిగ్రీతో చేరిన కుర్రాడు కూడా అదే పని చేస్తున్నాడట, జీతం ఓ అయిదు వేలు తక్కువ.

అందుకని చదువు చెడ్డదనుకోకండి. నాణ్యతకిచ్చే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపుకి ఆసుపత్రిని తయారుచెయ్యడం, క్లెయిములు తిరస్కారం కాకుండా చూడడం తెలిసినవాళ్లకి పదేళ్ల తర్వాత గిరాకీ బాగానే ఉంటుంది. చిక్కల్లా, జీతం పదో ఏట పెరుగుతుంది, వాయిదా మొదటి నెలే వస్తుంది.

అమెరికా వెళ్లి చదివే సంగతీ వచ్చింది. కన్సల్టెన్సీవాళ్లు ఓ కాగితం ఇచ్చారట: అక్కడ ఆరోగ్య సేవల మేనేజర్ల మధ్యస్థ వేతనం 2024లో ఏడాదికి 1,17,960 డాలర్లు. అంకె నిజమే, అక్కడి కార్మిక శాఖ లెక్కే. కానీ ఆ లెక్కలో ఇరవై ఏళ్లుగా ఆసుపత్రులు నడుపుతున్నవాళ్లూ ఉన్నారు. మొన్న పట్టా పుచ్చుకున్న పిల్ల ఆ వరసలో అడుగున నిలబడుతుంది. పైగా కోర్సు స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ) జాబితాలో లేకపోతే, చదువయ్యాక అక్కడ పనిచేసుకోనిచ్చే ఓపీటీ 12 నెలలే. అంత అప్పుకి అంత తక్కువ గడువా! ఆ కాగితం మడిచి ఆమె బ్యాగులోనే పెట్టేశాను.

ఇక చెయ్యగలిగినవి. మామూలుగా ఏడున్నర లక్షలు దాటితేనే ఆస్తి తనఖా అడుగుతారు కాబట్టి అప్పు ఆ గీత లోపల ఉంచితే వాళ్ల నరసరావుపేట ఇంటి కాగితాలు బీరువాలోనే ఉంటాయి. తనఖా లేకుండా చదువు అప్పిచ్చే కేంద్ర పథకం పీఎం విద్యాలక్ష్మి జాబితాలో ఈ కాలేజీ ఉందేమో చూడమన్నాను, లేదు. నిమ్స్‌లోనూ హాస్పిటల్ మేనేజ్‌మెంట్‌లో మాస్టర్స్ ఉంది, దానికి ప్రయత్నించమన్నాను. లేదంటే ఓ ఏడాది ఏదైనా ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌లో కూర్చుని, ఆ బావమరిది అరుపులు విని, అప్పుడు చెప్పమన్నాను. చివరిదానికి మూతి ముడుచుకుంది.

వెళ్లేముందు కాలేజీకి ఫోన్ చేయించాను. ప్లేస్‌మెంట్ బ్రోషర్ వద్దు, పోయినేడాది బ్యాచ్‌లో ఓ పదిమంది పే స్లిప్పులు పేర్లు కొట్టేసి పంపండి చాలు అని అడిగింది. కనుక్కుని చెబుతామన్నారు. ఇవాళ శనివారం, ఇంకా ఫోన్ రాలేదు.