రాతిలో కాపురం

మా నాన్నగారు జీవితంలో ఎన్నడూ కోటు తొడగలేదు. అయినా, పద్ధెనిమిదేళ్ళుగా మా హాల్లో గోడమీద నల్లకోటుతోనే కూర్చుని వున్నారు. ఆయన పోయినప్పుడు విడి ఫోటో ఒక్కటీ దొరకలేదు. ఎవరిదో పెళ్ళి గ్రూపు ఫోటోలోనుంచి తల ఒక్కటి తీసుకుని స్టూడియో అతను పెద్దది చేసియిచ్చాడు. పనిలో పనిగా కోటు తొడిగాడు, ఒంటిరంగు తెల్లబరిచాడు, బుగ్గమీది పుట్టుమచ్చ తుడిచేశాడు. పటం ఇంటికి తెచ్చిన రోజున అమ్మ చూచి, "ఈయనెవర్రా?" అన్నది. తరువాత కింద పేరు రాయించాము, దండ వేశాము, దీపం పెట్టాము. అప్పటినుంచీ అమ్మ రోజూ పొద్దున్నే, తాను తాగబోయేముందు, చిన్న గ్లాసుతో కాఫీ ఆ పటం ముందు పెడుతుంది.

మొన్న వేసవిలో పాత పెట్టె సర్దుతుంటే నాన్నగారి అసలు ఫోటో ఒకటి బయటపడ్డది. లాల్చీ, పుట్టుమచ్చ, కాస్త విసుగు, అన్నీ వున్నాయి. పటం కట్టించి తెచ్చి, "అమ్మా, యిక ఆ కోటాయన్ని దింపేద్దాం" అన్నాను.

అమ్మ చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ, "దింపేస్తే, యిన్నాళ్ళూ నా కాఫీ తాగినాయన ఎక్కడికి పోతార్రా?" అన్నది.

తెలుగు ఎమ్మే చదివి, యిరవయ్యేళ్ళుగా పాఠాలు చెబుతున్నవాణ్ణి. నా దగ్గర జవాబు లేదు. చిత్రమేమిటంటే, జవాబు ఈజిప్టునుంచి వచ్చింది. నేను ఆ దేశం చూచినవాణ్ణి కాను. ఆ వారంలో మా కళాశాల గ్రంథాలయంనుంచి ఈజిప్టు శిల్పాలమీద ఒక బొమ్మల పుస్తకం తెచ్చుకుని పేజీలు తిప్పుతున్నాను, అంతే.

మొదట విసుగే పుట్టింది. ఆ రాజులందరూ ఒకే తల్లి బిడ్డల్లా వున్నారు. కూర్చుంటే మోకాళ్ళమీద చేతులు, నిలబడితే ముందుకు వేసిన ఎడమకాలు, తిన్నని చూపు. ముసలితనం లేదు, అలసట లేదు. మన స్టూడియో అతను అక్కడ కూడా పనిచేశాడా అనుకున్నాను. చదవగా చదవగా తెలిసింది: వారు చెక్కింది పోలికను కాదు, వొంటిని. మనిషిలోని జీవశక్తిని వారు "కా" అన్నారు. మనిషి పోయినా కా పోదు; కాని దానికి వుండటానికి ఒక ఒళ్ళు కావాలి. అందుకే శిల్పిని వారు పిలిచిన మాటల్లో ఒకదానికి "బ్రతికించేవాడు" అని అర్థం. కలకాలం కాపురం వుండవలసిన ఒంటికి ముడతలెందుకు, మోకాళ్ళ నొప్పులెందుకు?

సక్కారాలో మెట్ల పిరమిడ్డు కట్టించిన జోసర్ రాజు క్రీ. పూ. 2650 ప్రాంతంవాడు. ఆ పిరమిడ్డు పక్కనే తలుపులేని చిన్న రాతిగది ఒకటి వున్నది. అందులో రాజు సున్నపురాతి విగ్రహాన్ని కూర్చోబెట్టి మూసివేశారు. గోడకు మాత్రం, సరిగా ఆయన కళ్ళ ఎత్తున, రెండు రంధ్రాలు తొలిచారు. మనం ఆయన్ని చూడటానికి కాదు. ఆయన ఉత్తరపు ఆకాశంలో అస్తమించని నక్షత్రాలను చూడటానికి! విగ్రహాన్ని తరువాత కైరో మ్యూజియానికి తరలించి, అక్కడ నకలు పెట్టారు.

ఖఫ్రే రాజు విగ్రహం 1860లో గీజాలో బయటపడ్డది. ఎదురుగా నిలబడి చూస్తే రాజు ఒక్కడే. పక్కకు వెళ్ళి చూడాలి. తలవెనుక డేగ ఒకటి రెక్కలు చాచి పొదువుకుని వుంటుంది. ఆ డేగ హోరస్ దేవుడు. మనిషి మారవచ్చు గాని, సింహాసనంమీద కూర్చున్నవాడి వెనుక దేవుడున్నాడన్నమాట.

చెక్కినంతమాత్రాన రాయి మనిషి కాదు. బాడిసవంటి పనిముట్టుతో పెదవులను తాకి "నోరు తెరిపించే" తంతు జరపాలి. మన ప్రాణప్రతిష్ఠ గుర్తుకు రాలేదూ? గుడిలో దేవుడి విగ్రహానికైతే నిత్యసేవలే. తెల్లవారగానే పూజారి గర్భగుడి తలుపుమీది మట్టిముద్ర పగలగొట్టి, స్వామిని మేల్కొలిపి, బట్టలు కట్టి, నైవేద్యం పెట్టేవాడు. వెళ్ళేటప్పుడు తన అడుగుల జాడలు తుడిచేసేవాడు. ఆ నైవేద్యం తరువాత పూజారులే పంచుకునేవారు. ఇది చదివినప్పుడు అమ్మ కాఫీ గ్లాసు గుర్తువచ్చింది. పావుగంట తరువాత దాన్ని తాగేవాణ్ణి నేనే!

ఆ ఒళ్ళు ఎవరిదో చెప్పేది పేరు. అందుకే రెండవ రామ్సెస్ పూర్వపు రాజుల విగ్రహాలమీద పేర్లు చెరిపి, తన పేరు చెక్కించుకుని వాటిని తనవి చేసుకున్నాడు. క్రీ. పూ. 15వ శతాబ్దంలో ఏలిన హత్షెప్సుత్ రాణికి గడ్డంతో, మగవేషంతో విగ్రహాలు చెక్కారు. కాని వాటిమీది రాతల్లో చాలాచోట్ల స్త్రీలింగమే! వ్యాకరణం చెప్పుకుని బతికేవాణ్ణి గనుక అక్కడ కాసేపు ఆగిపోయాను. ఆమె విగ్రహాలు ముక్కలుగా దొరికితే, తరువాతి రాజు పగతో పగలగొట్టించాడని చాలాకాలం అనుకున్నారు. తవ్వకాలనాటి పాత కాగితాలను పరిశీలించి ఒక పరిశోధకుడు 2025లో వేరే మాట చెప్పాడు: వాటిలో చాలావాటిని మెడ, నడుము, మోకాళ్ళ దగ్గరే విరిచారు, మిగతా రాజుల విగ్రహాలనూ అట్లాగే విరిచేవారు, అది పగ కాకపోవచ్చు, లోపలి శక్తిని సాగనంపటం కావచ్చు.

కర్నాక్ గుడి ఆవరణలో 1903లో ఒక గొయ్యి బయటపడ్డది. అందులో 700కు పైగా రాతి విగ్రహాలు, వేలకొద్దీ కంచుబొమ్మలు వున్నాయి. కాలం తీరిన విగ్రహాలను పారవేయటానికి చేతులు రాక, గుడిలోనే పూడ్చిపెట్టారు. ఆ గొయ్యి దగ్గర పుస్తకం మూసేశాను.

కొత్త ఫోటో నా గదిలో పెట్టుకున్నాను. పుట్టుమచ్చ చూడాలనిపించినప్పుడు చూస్తాను. నా గదిలో వున్నది నాన్నగారి పోలిక. హాల్లో వున్నది నాన్నగారు.

ఆ సంగతి అమ్మకు చెప్పబోతే, ఆవిడ ఈజిప్టు కథంతా ఓపికగా విని, పటం అద్దం తుడుస్తూ అన్నది: "నా తరువాత దీన్ని చెత్తలో పడెయ్యకురా. గోదావరిలో వదిలిపెట్టు."

అట్లాగే అన్నాను. గ్లాసులో కాఫీ చల్లారిపోతున్నది. తీసుకుని తాగాను.