వీపున పరుపు... రాళ్లకు పయనం!

హంపీకి వెళ్లేవాళ్లు కెమెరా పట్టుకెళ్తారు, టోపీ పట్టుకెళ్తారు. కొందరు మాత్రం వీపున పరుపు మోసుకెళ్తారు. పడుకోవడానికి కాదు... పడటానికి!

మంగళగిరివాళ్లకు కొండెక్కడం కొత్తేమీ కాదు. బిందెడు పానకం పోస్తే సగమే తాగి మిగతాది ప్రసాదంగా వదిలే పానకాలస్వామి కొండ మీదే ఉన్నాడు మరి! 1890లో మెట్లు కట్టించాక ఆ దారి సులువైంది. కొండ కింద వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు 1807-09 మధ్య కట్టించిన పదకొండు అంతస్తుల గాలిగోపురం సరేసరి. ఇక్కడి శాసనం ఒకటి శ్రీకృష్ణదేవరాయలు 1515లో కొండవీడును గెలిచిన సంగతి చెబుతుంది. ఆ రాయల రాజధానే హంపీ. అంటే మంగళగిరికీ హంపీకీ చుట్టరికం అయిదొందల ఏళ్లనాటిది!

ఇప్పుడు ఆ హంపీకి కొత్తరకం యాత్రికులు వస్తున్నారు. తుంగభద్రకు అవతల ఆనెగొంది వైపు ఎటు చూసినా గుండ్రాళ్లే. అమెరికా క్లైంబర్ క్రిస్ శర్మ బృందం ఇక్కడ ఎక్కిన రాళ్లతో 2003లో ‘పిల్‌గ్రిమేజ్’ అనే సినిమా వచ్చింది. ఆ తర్వాత హంపీ పేరు ప్రపంచంలోని క్లైంబర్లందరికీ తెలిసిపోయింది.

తాడు లేదు... పరుపే దిక్కు

నాలుగైదు మీటర్ల రాయిని తాడు లేకుండా చేతులతో, కాళ్లతో ఎక్కడమే బౌల్డరింగ్. టోక్యో ఒలింపిక్స్‌లో క్లైంబింగ్‌కు చోటు దక్కినప్పుడు ఇదీ అందులో ఓ భాగం. ఇందులో పడటం తప్పదు. ఒక్కో రాయి మీద పదిసార్లు పడ్డాకగానీ పదకొండోసారి పైకి చేరరు. అందుకే రాయి కింద ‘క్రాష్ ప్యాడ్’ పరుస్తారు. మన దూది పరుపులా కాదు... పైన గట్టి ఫోమ్, కింద మెత్తటి ఫోమ్. పైది దెబ్బను పరుపంతా పంచితే, కిందది దాన్ని మింగేస్తుంది. 1990ల మొదట్లో అమెరికాలో ఇవి అమ్మకానికొచ్చాయి. పరుపు లేకపోతే మొదట బలయ్యేది చీలమండే!

బరువు కాదు... కొలతే చిక్కు

మరి ఇంత పరుపును విమానంలో ఎలా తీసుకెళ్లడం? దేశంలో తిరిగే విమానాల్లో మామూలు టిక్కెట్టుకు చాలా సంస్థలు 15 కిలోల లగేజీ ఇస్తాయి. పరుపు తూగేది ఆరేడు కిలోలే. హమ్మయ్య అనుకునేలోపే కౌంటర్‌లో టేపు బయటికొస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదన్నది చాలా సంస్థల లెక్క. మడిచిన పరుపు పొడవు మీటరు, వెడల్పు 65 సెంటీమీటర్లు, మందం 20. కూడితే 185! మంగళగిరి చీరల మూటైతే చిన్నగా ఉండి బరువు తూగుతుంది. ఇది తేలిగ్గా ఉండి చోటు తినేస్తుంది.

అందుకే టిక్కెట్టు కొనేముందే విమాన సంస్థకు కొలతలు చెప్పి అడగాలి. క్రీడాసామగ్రి కింద తీసుకుంటారా, అదనంగా ఎంత కట్టాలి... రాతపూర్వకంగా జవాబు తీసుకుంటే కౌంటర్ దగ్గర వాదన ఉండదు. గన్నవరం లాంటి చోట్ల ఏటీఆర్ చిన్న విమానాలూ తిరుగుతుంటాయి. వాటిలో సామాన్ల అర చిన్నది కాబట్టి, మీరు ఎక్కేది ఏ విమానమో కూడా కనుక్కోవాలి.

పరుపు మడతలో బట్టలు, బూట్లు సర్దేస్తే వేరే సంచి అక్కర్లేదు. మొత్తం 15 కిలోలు దాటకపోతే చాలు. వేలాడే పట్టీలు కన్వేయర్ బెల్టులో చిక్కుకుంటాయి కాబట్టి లోపలికి దోపి, పైన పాత దుప్పటో గోనెపట్టానో చుట్టి కుట్టేయాలి. పవర్ బ్యాంకు మాత్రం అందులో పెట్టకూడదు, అది చేతిసంచిలోనే ఉండాలి. చేతులకు రాసుకునే తెల్లటి సుద్దపొడిని కంపెనీ ప్యాకెట్‌లోనే ఉంచితే అనుమానాలకు తావుండదు.

రైలైతేనో?

విజయవాడ, గుంటూరుల మీదుగా హుబ్బళ్లి వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ హొసపేటలో ఆగుతుంది. అక్కణ్నుంచి హంపీ 13 కిలోమీటర్లు. స్లీపర్‌లో 40 కిలోల దాకా ఉచితం. బోగీలోకి తెచ్చుకునే పెట్టెకు రైల్వే పెట్టిన కొలత 100, 60, 25 సెంటీమీటర్లు. మన పరుపు ఇంచుమించు అంతే! థర్డ్ ఏసీలో మాత్రం 55, 45, 22.5 సెంటీమీటర్లే. అంతకన్నా పెద్దదైతే బ్రేక్‌వ్యాన్‌లో బుక్ చేయాల్సిందే. మంగళగిరి నుంచి వెళ్లేవారికి విమానం కన్నా ఇదే చవక. రెండుమూడు రోజులకే వెళ్తుంటే మోత కూడా అక్కర్లేదు, అక్కడే పరుపులు అద్దెకు దొరుకుతాయి.

ఇంట్లో అమ్మానాన్నలు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ‘పరుపు మరో విమానంలో వస్తే ఏం చేస్తావ్?’ పెద్ద సామాను ఒక్కోసారి వెనకబడుతుంది. అలాంటప్పుడు ‘చిన్న రాయే కదా’ అని ఎక్కేస్తే ఆర్నెల్లు మంచం మీద ఉండాల్సి రావచ్చు. అదనపు లగేజీకి కట్టే డబ్బు ఆస్పత్రి బిల్లులో ఏ మూలకీ రాదు. కాబట్టి మొదటి రోజును విఠలాలయానికీ, విరూపాక్షుడికీ కేటాయించండి. గుళ్ల రాళ్లెక్కడం మాత్రం కూడదు... అవి యునెస్కో 1986లో గుర్తించిన వారసత్వ సంపద. కళ్లారా చూడండి చాలు. పరుపు చేరాక ఆనెగొంది రాళ్లు ఎలాగూ ఉంటాయి... అవెక్కడికీ పోవు!