నాలుగు మొహాల లినక్స్

బ్రహ్మదేవుడికి నాలుగు మొహాలు. అందులో ఏది మేలైనదని ఎవరూ అడగరు. లినక్స్ వాడేవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే మాత్రం ఆ ప్రశ్న రాక తప్పదు: "నీది ఏ డెస్క్‌టాప్?"

నేనీ దారిలోకి వచ్చింది సరదాకి కాదు. అన్నయ్య వాడి వదిలేసిన లాప్‌టాప్ నా వాటాకి వచ్చింది. మెమరీ 4 జీబీ. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు దాని మీదే పూర్తి కావాలి. అందులో ఉన్న సిస్టమ్ తెరుచుకునేలోగా మెస్సులో టిఫిను అయిపోయేది! చెల్లెలి ఫీజు కట్టాల్సిన నెలలో కొత్తది కొనమని నాన్నగారిని అడగడానికి నోరు రాలేదు. హాస్టల్లో ఒక సీనియరు "డెబియన్ లినక్స్ వేసుకోవోయ్, దమ్మిడీ ఖర్చు లేదు" అన్నాడు. తీరా కూర్చుంటే, ఏ డెస్క్‌టాప్ కావాలో చెప్పమంది.

చెప్పవచ్చేదేమిటంటే, లినక్స్ అనేది లోపలి ఇంజను. మెనూలు, విండోలు, ప్యానెలు, సెట్టింగులు కలిపి పైన కట్టే బాడీయే డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్. విజయవాడ ఆటోనగర్లో లారీ ఛాసిస్ మీద ఎవరికి నచ్చిన బాడీ వాళ్ళు కట్టించుకోరూ? అలాగన్న మాట. నాలుగూ వేసుకుని, లాగిన్ అయ్యేటప్పుడు కావలసినది ఎంచుకోవచ్చు కూడా. నేను చేసిందదే.

మొదట గ్నోమ్. అలికిన వాకిలిలా శుభ్రం. కింద టాస్క్‌బార్ లేదు, విండోని మినిమైజ్ చేసే గుర్తూ లేదు. రెండు రోజులు చేతులు కట్టేసినట్టయింది. మూడోనాటికి కీబోర్డు అలవాటైంది, బాగానే ఉందనిపించింది. కానీ నా యంత్రానికి బరువు.

తరవాత కేడీఈ ప్లాస్మా. ఎడమ మూల మెనూ, కింద ప్యానెలు, అంతా తెలిసిన ఇల్లే. మార్చుకోవడానికి వీల్లేనిదంటూ లేదు. చీరల దుకాణంలో కూర్చున్నట్టే: రంగులు చూస్తుండగానే సాయంకాలం గడిచిపోతుంది. సిన్నమన్ కూడా తెలిసిన ముఖమే, హడావుడి తక్కువ.

చివరికి ఎక్స్‌ఎఫ్‌సీఈ. నగా నట్రా లేని పిల్ల. మెమరీ తక్కువ తింటుంది. బ్రౌజరూ, ప్రాజెక్టు రిపోర్టూ పక్కపక్కన తెరిచినా యంత్రం ఆయాసపడలేదు. ప్రాజెక్టు దాంట్లోనే పూర్తిచేశాను. నా రూమ్మేటు లాప్‌టాప్‌లో మెమరీ దండిగా ఉంది, అతను ప్లాస్మా వదలడు. పుర్రెకో బుద్ధి, యంత్రానికో శక్తి!

ఇన్నెందుకని విసుక్కునేవాళ్ళు వీటి పుట్టుక కూడా తెలుసుకోవాలి. 1991లో లినక్స్ మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ హెల్సింకీ విశ్వవిద్యాలయం విద్యార్థి. 1996 అక్టోబరు 14న కేడీఈని ప్రకటించిన మథియాస్ ఎట్రిష్ జర్మనీలో ట్యూబింగెన్ విద్యార్థి. కేడీఈకి ఆధారమైన క్యూటీ లైబ్రరీ లైసెన్సు అప్పట్లో పూర్తి స్వేచ్ఛ ఇవ్వలేదు. అందుకని 1997లో మెక్సికోలో మిగెల్ దె ఇకాసా, ఫెదెరికో మేనా గ్నోమ్ మొదలుపెట్టారు. 2011లో గ్నోమ్ 3 పాత పద్ధతిని మార్చేస్తే, నచ్చనివాళ్ళు పాతదాన్ని మాతే అనే పేరుతో బతికించుకున్నారు. లినక్స్ మింట్ వాళ్ళు సిన్నమన్ కట్టుకున్నారు. అభిప్రాయభేదం వస్తే అలిగి కూర్చోలేదు, మరొకటి తయారుచేశారు. ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది.

ఎంచుకునే హక్కు డబ్బున్నవాడికే అనుకుంటాం. పాత లాప్‌టాప్ తప్ప గతిలేని విద్యార్థికి కూడా ఇక్కడ ఆ హక్కుంది. నాకు నచ్చింది ఎక్స్‌ఎఫ్‌సీఈ కన్నా ఎక్కువగా ఈ సంగతే.

మిత్రులారా! ఈ డెస్క్‌టాప్‌లను తెలుగులోకి మార్చుకోవచ్చు. కొందరు స్వచ్ఛందంగా కూర్చుని మాటమాటా అనువదించిన ఫలం అది. ఇంకా అక్కడక్కడా ఇంగ్లీషే పలకరిస్తుంది. ఆ మిగిలిన పని చేయడానికి డిగ్రీ చేతికొచ్చేదాకా ఆగనక్కర్లేదు గదా!