బావ చెప్పింది నాకు, నేను చెప్పింది ఊరికి



ఇరవై రోజుల సంది ఈ పేజీల ఏం రాస్తలేనని ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి అడిగిండ్రు. "పత్తికి గులాబీ పురుగు వచ్చిందా, నీకు జ్వరం వచ్చిందా" అని ఒక తమ్ముడు పరాచికమాడిండు. రెండూ కాదు. ఒక ముచ్చట రాద్దామా వద్దా అని తిప్పలు పడ్డ. రాయాలంటే ముందుగాల ఒకరిని అడగాలె. అడిగెటందుకు మొఖం చెల్లలేదు. మొన్న అడిగిన, సరే అన్నడు. అందుకే ఇయ్యాల రాస్తున్న. జర పొడుగుంటది, తీరికగ చదవుండ్రి.

కొత్తోళ్ల కోసం నా సంగతి చెప్త. మాది దేవరకొండ దిక్కు. నాలుగెకరాలు. రెండున్నర ఎర్ర చెల్కల పత్తి, ఎకరంన్నర బోరు కింద వరి. ఇంటర్ దాక చదివిన. చదువు ఆగిపోయినా రాసే ఆశ మాత్రం పోలేదు. ఫోన్ చేతికొచ్చినంక ఆ ఆశ ఇక్కడ తీర్చుకుంటున్న. వాన పడ్డనాడు వాన గురించి, కాంటా కాడ తరుగు తీసిననాడు తరుగు గురించి రాస్తుంటె మీరందరు జమైండ్రు. దినచర్య పుస్తకం లెక్క మొదలైంది. కాకపోతే పుస్తకమైతే దిండు కింద ఉంటది. ఇది రచ్చకట్ట మీద ఉన్నది. ఈ తేడా నాకు ఆలస్యంగ అర్థమైంది.

పోయిన ఏడాది ఎండాకాలం సంగతి. నాకు వరుసకు బావ అయ్యే మనిషి, చిన్నప్పటి నుంచి కలిసి పశువులు కాసినోళ్లం, ఒక్క వేసవిల మూడు బోర్లు ఏసిండు. మూడో బోరు నాడు రాత్రి నేను గూడ బండి కాడనే ఉన్న. ఐదువందల ఫీట్లు దాటినా తెల్ల దుబ్బ తప్ప చుక్క తడి లేదు. రిగ్గు చప్పుడు ఆపినంక బావ గట్టు మీద కూసొని, తువ్వాల మొఖానికి అడ్డం పెట్టుకొని, ఎవరికీ చెప్పని లెక్క నాకు చెప్పిండు. ఎవరి దగ్గర ఎంత తెచ్చిండు, మిత్తి ఎంత, బిడ్డకు సంబంధం చూస్తున్నరు, ఆ పైసలల్లకెళ్లే బోరుకు పెట్టిండు, అంత చెప్పిండు.

నేను ఇంటికొచ్చిన. నిద్ర పట్టలేదు. ఫోన్ తీసి రాసిన. పేరు రాయలేదు. ఊరు రాయలేదు. ఎనక నుంచి తీసిన ఒక ఫొటో పెట్టిన, రిగ్గు, గట్టు, తువ్వాల కప్పుకున్న మనిషి. అప్పు లెక్క రాసిన. పెండ్లి సంగతి రాసిన. రాస్తుంటె నాకే కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. తెల్లారేసరికి మస్తుమంది పంచుకున్నరు. "అన్నా, కండ్లకు కట్టినట్టు రాసినవ్" అన్నరు. నిజం చెప్తున్న, నాకు సంతోషమైంది. బావకు మేలు చేసిన అనుకున్న.

మూడు రోజులకు మందుల దుకాణం కాడ బావకు ఉద్దెర బందైంది. పాత బాకీ కట్టినంకనే కొత్త సంచి అన్నరట. మిత్తికిచ్చినాయన గడువుకు ముందే ఇంటికొచ్చి కూసున్నడు. పాలమూరు దిక్కు నుంచి వచ్చిన సంబంధపోళ్లు ఫోన్ తగ్గించి, తర్వాత ఎత్తుడు బందు చేసిండ్రు. అది నా రాతతోటే అయ్యిందా, వేరే కారణముందా, నాకు తెల్వదు. వాళ్లు చెప్పలేదు. కానీ వాళ్లింట్ల ఒకరి ఫోన్ల ఆ ఫొటో ఉన్నదని మాత్రం తర్వాత తెలిసింది.

బావ నాతోని లొల్లి పెట్టుకోలేదు. పెట్టుకున్నా బాగుండు. ఒక పొద్దున పాలు పోసి వస్తుంటె ఎదురైండు. "నేను నీకు చెప్పిన, ఊరికి చెప్పలే" అన్నడు. గంతే. సైకిల్ నూకుకుంట పోయిండు. ఆ దసరాకు జమ్మి పెట్టెటందుకు మా ఇంటికి రాలేదు. నలభై ఏండ్లల్ల అట్లా ఎన్నడు కాలేదు. పళ్లెంల జమ్మి ఆకు పెట్టుకొని రాత్రి దాక అరుగు మీద కూసున్న.

"పేరు రాయలేదు గదా" అని నాకు నేను చానా రోజులు చెప్పుకున్న. అది తప్పు లెక్క. హైదరాబాద్‌ల చదివేటోనికి పేరు లేకపోతే మనిషి లేడు. మన ఊర్లె అట్ల కాదు. తువ్వాల అంచు చూసి గుర్తు పడ్తరు. మోటరు డబ్బా రంగు చూసి ఎవరి పొలమో చెప్తరు. దూరపోళ్ల కోసం నేను పేరు దాచిన, కానీ బావకు నష్టం చేసేటోళ్లందరు దగ్గరోళ్లే.

మనకు పత్రికలు కొత్త కాదు. 1922లనే మా నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావు గారు నీలగిరి పత్రిక తెచ్చిండ్రు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు 1926ల హైదరాబాద్ నుంచి గోలకొండ పత్రిక మొదలుపెట్టిండ్రు. అసొంటి పత్రికకు ఒక ఉత్తరం పోతే, అచ్చుకు ముందు ఇది వెయ్యొచ్చునా, ఎవరికన్నా చేటా అని చూసేటోళ్లు ఒకరుంటరు. ఇప్పుడు మనమే రాసేటోళ్లం, మనమే అచ్చేసేటోళ్లం, మనమే పంచేటోళ్లం. నడుమల ఆపే మనిషి లేడు. ఆ పని గూడ మనమే చెయ్యాలె. నేను చెయ్యలేదు.

తప్పు తెలిసి ఆ రాత తీసేసిన. కానీ తీసేస్తే పోతదా? తూర్పార పట్టేటప్పుడు గాలికి పోయిన పొట్టును మళ్లా చాటల నింపగలమా? 2018ల గద్వాల దిక్కు ఏమైందో యాది చేసుకోండ్రి. పిల్లల్ని ఎత్తుకపోయేటోళ్లు తిరుగుతున్నరని వాట్సాప్‌ల పుకార్లు లేచినయ్. జనం భయపడి తలుపులు పెట్టుకున్నరు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గారు పోలీసులను ఊరూరికి పంపిండ్రు. డప్పుతోని, పాటతోని చెప్పిచ్చిండ్రు, ఫోన్ల వచ్చిందల్ల నమ్మకుండ్రి అని. ఆ ఏడాదే జూలైల, మన దేశంల ఒక మెసేజ్‌ను ఒకసారికి ఐదింటికి మించి పంపకుండ కట్టడి పెడుతున్నమని వాట్సాప్ చెప్పింది. అది అబద్ధం సంగతి. నాది నిజమే. కానీ చేతులు మారుకుంట పోయినంక నిజం గూడ నా మాట ఇనలేదు. నేను జాలితోటి రాసింది, మూడో చేతికి పోయేసరికి "అప్పులపాలైన ఇల్లు" అయ్యింది.

ఇప్పుడు మీరు అడగొచ్చు, అట్లయితే కష్టం రాయొద్దా, నోరు మూసుకొని ఉండాల్నా అని. నేను గూడ ఇదే అడుక్కున్న. మా పక్కన మర్రిగూడ, నాంపల్లి, చండూరు ఊర్లున్నయ్. లీటరు నీళ్లల్ల ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. మా దిక్కు బోర్లల్ల దానికి ఎన్నోరెట్లు ఉండేది. కాళ్లు వంకర పోయినోళ్ల ఫొటోలు పేపర్లల్ల రాకపోతే, ఢిల్లీ దాక పోకపోతే, మా గోస ఎవరికి తెలుస్తుండె? 2015ల చౌటుప్పల్ కాడ మంచినీళ్ల పథకానికి పైలాన్ లేచింది. అంతకు ముందు ఎన్నో ఏండ్లు ఆ ఫొటోలే మాట్లాడినయ్. కాబట్టి చూపెట్టుడే తప్పు అంటే నేను ఒప్పుకోను.

కానీ ఆలోచించండ్రి. ఎదురుంగ నిలబడి "తియ్యి బిడ్డా, చూడనీ లోకం" అన్న మనిషి ఫొటో వేరు. మంచంల ఉన్న మనిషిని దుప్పటి తీసి నిలబెట్టి తీసిన ఫొటో వేరు. రెండిట్ల కాళ్లు ఒక్క తీరే వంకరుంటయ్. తేడా అంతా ఆ మనిషి ఒప్పుకున్నడా లేదా అన్న కాడ ఉన్నది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టుల తొమ్మిదిమంది జడ్జీలు కూసొని, ఎవరి బతుకు గుట్టు వాళ్లకు ఉండుడు ప్రాథమిక హక్కు అని తీర్పు ఇచ్చిండ్రు. మా అవ్వ ఏ కోర్టుకు పోకున్నా, పక్కింటోళ్లు బువ్వ తింటుంటె వాకిట్ల నుంచే ఎనక్కి మర్లేది. వాళ్ల గిన్నెల ఏమున్నదో చూడొద్దని.

ఇగ నేను పెట్టుకున్న కట్టడి చెప్త. మీకు నచ్చితే మీరు పెట్టుకోండ్రి, లేకుంటె లేదు.

నా పంట పోతే రాస్త. నా బోరు ఎండితే రాస్త. మంది సంగతైతే అడిగినంకనే. అడుగుడు గూడ నలుగుట్ల కాదు. నలుగుట్ల అడిగితే మొఖమాటానికి సరే అంటరు. కల్లు తాగినప్పుడు, చావు ఇంటి కాడ, బోరు పోయిన రాత్రి అన్న "సరే" సరే కాదు. పొద్దుగాల, ఒక్కనిగ ఉన్నప్పుడు అడగాలె. రాసింది సదివి ఇనిపియ్యాలె.

నాది అనుకున్నది గూడ మొత్తం నాదే కాదు. ఒకసారి పెట్టుబడికి మా ఇంటామె పుస్తెలతాడు కుదువ పెట్టిన సంగతి రాసిన. నా అప్పే, నా బాధే అనుకున్న. తాడు ఆమెది గదా! వాళ్ల అన్న ఫోన్ చేసి "మాకు చెప్పకపోతివి గని లోకానికి చెప్తివా" అని ఆమెను అన్నడట. ఆమె రెండు రోజులు నాకు అన్నం పెట్టింది గని మాట పెట్టలే.

పిల్లల సంగతి, ఆడపిల్ల సంబంధం సంగతి, రోగం పేరు, అప్పు లెక్క, ఇవి నాలుగు ఎవరియైనా ముట్టను. శవం కాడ ఫొటో తియ్య. గెట్టు పంచాయితీ నడుస్తుంటె ఒక దిక్కు మాట రాయ. ఇగ పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు కాయితం ఫొటోలు ఎవరియీ పెట్టొద్దు, మనయి గూడ. మోసగాండ్లకు ఆ నంబర్లే కావాలె. ఇప్పటికే ఎవరన్నా మోసపోయుంటె ఆలస్యం చెయ్యకుండ 1930కి ఫోన్ చెయ్యుండ్రి.

రాత్రి రాసింది రాత్రి పెట్టను. పొద్దుగాల బర్రె పాలు పిండినంక మళ్లొకసారి చదువుత. రాత్రి గొప్పగ అనిపించిన మాట పొద్దుగాల చానాసార్లు సిగ్గనిపిస్తది.

నకిలీ విత్తనాలు, కాంటా మోసం, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్, ఇవన్ని రాస్త. అవి ఒకరి గుట్టు కాదు, అందరి నష్టం. ఒకరు చేసిన తప్పును బయట పెట్టుడు వేరు, ఒకరు పడ్డ బాధను బయట పెట్టుడు వేరు. మొదటిదానికి రుజువు కావాలె. రెండోదానికి ఒప్పుదల కావాలె.

మీకు గూడ ఒక మాట. ఎవరన్నా పేరు లేకుండ రాస్తే కింద "ఎవరన్నా అది? ఏ ఊరు?" అని అడగకుండ్రి. "మాకు తెలుసులే" అని గూడ రాయకుండ్రి. సాయం చెయ్యాలనిపిస్తే నాకు ఫోన్ చెయ్యుండ్రి, నేను ఆ మనిషిని అడిగి చెప్త. అట్లనే, ఎన్నడన్నా నేను మీ గురించి రాసింది మీకు నచ్చకపోతే ఒక్క మాట చెప్పుండ్రి. ఎందుకని అడగను, తీసేస్త.

ఈ దసరాకు బావ వచ్చిండు. పొద్దు గూకినంక వాకిట్ల నిలబడి జమ్మి చేతుల పెట్టిండు. అలాయ్ బలాయ్ తీసుకున్నం. మా ఇంటామె చాయ్ ఇచ్చింది. తాగుకుంట, "ఇది గూడ రాస్తవా?" అన్నడు. నవ్వుకుంటనే అన్నడు గని నాకు నవ్వు రాలేదు.

ఆ పండుగనాడు అడగలేకపోయిన. ఇరవై రోజులు పట్టింది. మొన్న పొద్దుగాల వాళ్ల చెల్క కాడికి పోయి ఇదంతా సదివి ఇనిపిచ్చిన. పత్తి ఏరుకుంటనే ఇన్నడు. రెండు సంగతులు తీసెయ్యమన్నడు, తీసేసిన. ఒకటి మార్చమన్నడు, మార్చిన. బిడ్డకు ఫోన్ చేసి ఆమెను గూడ అడిగిండు. "రాయమను, గని నేను ఇప్పుడు ఏడున్ననో, ఏం చేస్తున్ననో రాయొద్దను" అన్నదట. అందుకే రాయలేదు. మీరు గూడ అడగొద్దు.

లేచి వస్తుంటె బావ ఒక్క మాటన్నడు. "అప్పుడు గూడ ఇట్ల వచ్చి సదివితే, నేనే రెండు మాటలు ఎక్కువ చెప్తుంటి గదరా" అన్నడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆయన పక్కన ఒక సాలు పత్తి ఏరి ఇంటికొచ్చిన.

ఉంట మరి. మబ్బు పట్టింది, కల్లంల వడ్లున్నోళ్లు పట్టాలు కప్పుకోండ్రి.