పోస్టుమాస్టరు పెట్టె

2022 వరకు గుంటూరు జిల్లాలో నుండి, పిదప బాపట్ల జిల్లాలో చేరిన చెరుకుపల్లిలో, మేము చిన్ననాట నెరిగిన పోస్టుమాస్టరు ఉత్తరములు పంచుటతో తన పని తీరినదని యెన్నడు ననుకొనలేదు. చిరునామా తప్పిన యుత్తర మెవరిదో విచారించి చేర్చెడివాడు. జాబు రాలేదని తగవునకు వచ్చినవానికిని కూర్చుండ బల్ల చూపెడివాడు.

నేడు మిత్రులతో కలసి మేము నడపు పఠనమందిరమునకు ఇంటర్నెట్టులో నొక డొమైను కలదు. దాని యీమెయిలు బాధ్యత మాది. ఈమెయిలు నడచు ప్రతి డొమైనునందును ‘పోస్టుమాస్టరు’ అను పేర నొక పెట్టె యుండవలెనని 1982 నాటి ఆర్.ఎఫ్.సీ. 822 అను నిబంధనపత్రమే విధించినది. 2008 నాటి 5321వ పత్రము దానిని మరల స్థిరపరచినది. పరిచయము లేని పొరుగు డొమైనువాడు సైతము మన తప్పు మనకు తెలుపుటకై తెరచియుంచవలసిన వాకిలి యది.

మేమా వాకిలి మూసితిమి. మోసగాండ్ర జాబులతో నిండుచున్నదని విసిగి, ఆ పెట్టెను చూచుట మానితిమి. తరువాత మెయిలు సర్వరు మార్చితిమి. మా పేర జాబులు పంపుట కే సర్వరున కధికారము కలదో లోకమునకు తెలుపు ఎస్.పి.ఎఫ్. నమోదులో క్రొత్త సర్వరును చేర్చుట మరచితిమి. అందుచే మా జాబులు కొన్నిచోట్ల చెత్తజాబుల సంచిలో పడజొచ్చినవి.

ఆ దినములలోనే యొక కూలివాని కూతురు మందిరపు చిరునామానుండి విద్యార్థివేతనమునకు దరఖాస్తు పంపినది. అది యెవరి కంటను పడలేదు, గడువు దాటినది. ఆమె వచ్చి, “బాబాయిగారూ, నేనేమైనా తప్పు రాశానా?” అని యడిగినది. అప్పుడు పెట్టె తెరచి చూచితిమి. గడువునకు పది దినములు ముందే పొరుగు డొమైను పోస్టుమాస్టరు మా నమోదులోని లోపమును మర్యాదగా తెలిపియుండెను! సవరింపవలసినది ఒక్క పంక్తి.

“తప్పు నీది కాదమ్మా, మాది” అని చెప్పితిమి. ఆ మాట యామె కొక సంవత్సరపు ఫీజు కట్టలేదు.

సంఘములను, సభలను, కార్యాలయములను నడపు మనవారికి మా మనవి యొక్కటి. పొగడ్త యే సందునుండియైనను లోనికి వచ్చును; ఫిర్యాదునకు మాత్రము తలుపు తెరచియుంచవలయును. ఇప్పుడు మేము ప్రతి యుదయము నా పెట్టె చూచుచున్నాము. అందు చాలవరకు చెత్తయే. అయినను చివరి జాబువరకు చదువుచున్నాము.