‘ఎవరి పిల్లోడివిరా?’ అని స్కాట్లాండ్‌లోనూ అడుగుతారు

స్కాట్లాండ్ అనగానే మన ఫోన్లో కనిపించేవి నాలుగే: గళ్ల కిల్టు, బ్యాగ్‌పైపు, కోట, విస్కీ. ఎడిన్‌బరోలో దిగితే ఇవన్నీ ఒక్క వీధిలోనే దొరుకుతాయి. ఫొటోలు కూడా బ్రహ్మాండంగా వస్తాయి. నేను మాత్రం ఇంకాస్త దూరం పోయాను. ఉల్లపూల్ అనే చిన్న రేవులో ఫెర్రీ ఎక్కితే రెండున్నర గంటలకు పైగా సముద్రమే. అవతల లూయిస్ దీవి. అక్కడి పెద్ద ఊరు స్టోర్నొవే.

ఆ ఊరే ఎందుకంటే, మాది కడప జిల్లా. మా జిల్లా ఊళ్ల చరిత్ర గురించి ఎవరు మాట్లాడినా ‘మెకంజీ కైఫీయత్తులు’ అనే మాట వస్తుంది. ఆ కాలిన్ మెకంజీ పుట్టింది స్టోర్నొవేలో. 1783లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా మద్రాసు వచ్చాడు, 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. భూమి కొలవడంతో ఆగకుండా గుడి ఎవరు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, ఏ పాలెగాడు ఎప్పుడు ఏలాడు అని ఊరూరా రాయించాడు. ఆయనకు మన భాషలు రావు. కరణాల దగ్గరా పెద్దల దగ్గరా కూర్చుని ఆ పని నడిపించింది ఏలూరుకు చెందిన కావలి బొర్రయ్య, ఆయన తమ్ముళ్లు, వాళ్ల కింది మనుషులు. మెకంజీ 1821లో ఇండియాలోనే పోయాడు. సొంత దీవికి మళ్లీ వెళ్లనే లేదు.

మన ఊళ్ల కథలు పోగేయించిన మనిషి సొంతూళ్లో కథలు ఎవరు దాచారు? చూడాలనిపించింది.

మొదట ఆర్నోల్ అనే పల్లెకి వెళ్లాను. అక్కడ 42వ నంబరు ఇల్లు ‘బ్లాక్‌హౌస్’ని పాతకాలంలో ఎలా ఉండేదో అలాగే ఉంచారు. రెండు వరసల రాతి గోడ, మధ్యలో మట్టి, పైన గడ్డి కప్పు. పొగగొట్టం లేదు. గది మధ్యలో నేల మీదే పొయ్యి, అందులో ఎండబెట్టిన పీట్ మట్టి గడ్డలు కాలుతుంటాయి. పశువులు కూడా అదే కప్పు కింద. 1960ల దాకా ఇందులో మనుషులు కాపురమున్నారు. బయటికొచ్చాక కూడా నా జాకెట్‌కి రెండు రోజులు ఆ పొగ వాసన పోలేదు.

ఈ దీవి మాట గేలిక్. 1872లో వచ్చిన స్కాట్లాండ్ విద్యా చట్టంలో ఆ భాష ఊసే లేదు. బడంతా ఇంగ్లిషే. ఇంట్లో గేలిక్, బడిలో దెబ్బలు అన్నట్టు పెరిగిన పిల్లలున్నారు. బతుకుతెరువు కూడా కష్టమే. 1923లో ‘మెటగామా’ అనే ఓడ స్టోర్నొవే నుంచి ఒక్కసారే సుమారు 300 మంది కుర్రాళ్లనూ అమ్మాయిలనూ కెనడాకి తీసుకెళ్లింది. వాళ్లలో చాలామంది మన వయసు వాళ్లే.

దానికి నాలుగేళ్ల ముందే ఇంకో దెబ్బ తగిలింది. 1919 జనవరి 1, ఇంకా తెల్లారలేదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి ఇళ్లకొస్తున్న నావికులతో ‘ఐయొలేర్’ ఓడ స్టోర్నొవే రేవు బయట రాళ్లకు గుద్దుకుంది. ఓడలో ఉన్న సుమారు 280 మందిలో 201 మంది పోయారు. ఒడ్డు అతి దగ్గర్లోనే ఉంది. ఒకాయన తాడు పట్టుకుని ఈది ఒడ్డెక్కితే, దాని ఆసరాతో దాదాపు 40 మంది బయటపడ్డారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు చాలా ఇళ్లలో ఈ సంగతి ఎత్తేవాళ్లే కాదు.

అలాంటి చోట జనం తమ చరిత్రని తామే రాసుకోవడం మొదలుపెట్టారు. దీవి ఉత్తర కొసన ఉన్న నెస్‌లో 1977లో స్థానిక చరిత్ర సంఘం పెట్టారు. పెద్దవాళ్ల మాటలు టేపుల్లో ఎక్కించారు, ఫొటోలు పోగేశారు, ఏ ఇంట్లో ఎవరుండేవారో, ఎవరు ఏ దేశం వెళ్లారో రాసిపెట్టారు. తర్వాత మిగతా పల్లెల్లోనూ ఇలాంటి సంఘాలొచ్చాయి. ఇప్పుడు కెనడా నుంచి మునిమనవలు ఒక పేరు పట్టుకుని వస్తే, ఇల్లున్న చోటు చూపించేది ఈ సంఘాలవాళ్లే.

అలాంటి ఒక సంఘంలో నాకు టీ పోసిచ్చిన పెద్దావిడ, వాళ్ల పల్లెల్లో కొత్తవాళ్లని ‘నీ పేరేంటి’ అని కాదు, ‘కో లెష్ ఊ?’ అని అడుగుతారని చెప్పింది. అంటే, నువ్వు ఎవరి మనిషివి? నాకు నవ్వొచ్చింది. మా ఊరి రచ్చబండ మీద తాతలు అడిగే ‘ఎవరి పిల్లోడివిరా?’ అచ్చం ఇదే కదా! ‘మరి నువ్వు ఎవరి మనిషివి?’ అందామె. మా నాన్న, తాత, ముత్తాత పేర్లు చెప్పాను. ఆ పైన నాకు తెలీదు.

ఆ రాత్రే మా జేజికి వీడియో కాల్ చేశాను. ‘అంత దూరం పోయి ఇదా నువ్వు అడిగేది?’ అని తిట్టి, తర్వాత మొదలుపెట్టింది. ముత్తాత నాయన పేరు, మేము ఆ ఊరికి ఎక్కడి నుంచి వచ్చామో, మా చేనికి ఆ పేరెందుకు వచ్చిందో అన్నీ చెప్పింది. నలభై నిమిషాలు రికార్డ్ చేశాను. ఇవేవీ కైఫీయత్తుల్లో ఉండవు. కడపలోని సి.పి. బ్రౌన్ పరిశోధన కేంద్రం మా జిల్లా కైఫీయత్తుల్ని సంపుటాలుగా అచ్చేసింది. అందులో ఊరి గుడి, ఊరి చెరువు దొరకొచ్చు. మా ఇల్లు మాత్రం జేజి దగ్గరే ఉంది.

కరువు సంవత్సరం దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆగిపోయింది. ‘అదిప్పుడొద్దులే నాయనా’ అంది. నేనూ గుచ్చి అడగలేదు. వచ్చే ఆదివారం మళ్లీ ఫోన్ చేస్తానని చెప్పాను.